కూలి అడగని రాత



మన పిల్లలు ఫోన్లో సొంత ముచ్చట్లు రాస్తుంటే రెండు వైపుల నుంచీ మాట పడుతోంది. ఇంట్లో "దీనికి డబ్బులొస్తాయా?" అంటారు. సంఘంలో "ఇవన్నీ కాలక్షేపం రాతలు, ఉద్యమానికేం పనికొస్తాయి?" అంటారు.

ఇంట్లోవాళ్ల అనుమానానికి కారణం ఉంది. కూలి లేని పనికి మన చరిత్రలో పేరు వెట్టి. కానీ వెట్టి ఇంకొకడు చేయిస్తే చేసేది. ముచ్చట మనం ఇష్టపడి రాసుకునేది.

ఇక సంఘం అడిగిన ప్రశ్న. తెనాలిలో పెరిగిన చలం 'మ్యూజింగ్స్'లో తన ఇష్టాలూ విసుగులూ తనకి తోచినట్టు రాసుకున్నాడు. దాన్ని నేను క్లాసులో సాహిత్యంగానే చెప్తాను. మరి మన పిల్ల అదే పని చేస్తే కాలక్షేపం ఎట్లా అయింది?

ఆ తెనాలి నుంచే బయల్దేరే రెండు రైలు దారులు చూడండి.

ఒకటి రేపల్లె పోతుంది. దారిలో భట్టిప్రోలు. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ధాతువుల పేటికలు దొరికాయి. వాటి మీద రెండు వేల ఏళ్లు దాటిన బ్రాహ్మీ అక్షరాలున్నాయి. కుబిరకుడనే రాజు పేరుతో పాటు రాజులు కాని మనుషుల పేర్లూ ఉన్నాయి. ఫలానావాడి కొడుకు ఫలానా అని. వాళ్ల ఊసు ఇవాళ మనకి తెలిసిందంటే ఆ నాలుగు ముక్కలు రాసి ఉండబట్టే.

రెండోది బాపట్ల మీదుగా మద్రాసు పోతుంది. బాపట్ల దాటితే స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టిన సెటిల్‌మెంట్ అది. అక్కడ మనిషిని కాగితం మీదకి ఎక్కించింది హాజరు వేయడానికి.

అదే దారిలో తెనాలి దాటగానే చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్లని చంపి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మనవాళ్లు ఎట్లా చనిపోయారో వేల పేజీల కాగితం చెప్తుంది. ఎట్లా నవ్వేవాళ్లు, ఏ పాట పాడుకునేవాళ్లు, ఎవరితో పందెం కాసేవాళ్లు అన్నది ఏ కోర్టూ అడగదు. అది మనం రాయకపోతే చరిత్రలో మనం శవాలుగా, సాక్షులుగా మాత్రమే మిగులుతాం.

అందుకే కాలవలో పట్టిన చేపల గురించి రాయండి. క్రిస్మస్‌కి గుడికి సున్నం వేసిన రోజు గురించి రాయండి. నాట్లకి పోయిన అమ్మ పొలంలో వేసిన జోకుల గురించి రాయండి. ఇండస్ మార్టిన్ ఫేస్‌బుక్‌లో పెట్టిన జ్ఞాపకాలు 'కటికపూలు' పుస్తకమయ్యాయి. కాకపోయినా ఏం కాదు. మీ తమ్ముడు చదివి నవ్వితే చాలు.

ఎఫ్ఐఆర్ కాపీ ఎంత జాగ్రత్తగా దాస్తామో మన నవ్వునీ అంత జాగ్రత్తగా దాచాలి. ఒకటి లేకపోతే న్యాయం అడగలేం. రెండోది లేకపోతే ఎవరి కోసం అడుగుతున్నామో మన పిల్లలకి తెలీదు.

ఒక్క హెచ్చరిక. మీ ముచ్చటని ఎవరైనా అచ్చేసి అమ్ముకుంటామంటే అప్పుడు మొహమాటపడకుండా డబ్బులు అడగండి. అక్కడ ఊరికే ఇస్తే మాత్రం అది మళ్లీ వెట్టే.

జై భీమ్.