రౌడీ పిల్ల

మొన్న మార్చిలో మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఇక్కడ టౌరంగాలో అదో పావుగంట తంతు. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని టీచరు చెప్పింది వినాలి. ఊరినుంచి వచ్చిన మా అమ్మ కూడా సరదాపడి బయల్దేరింది. లెక్కలు బాగున్నాయి, చదవడం ఇంకా బాగుంది అని చెప్పి, చివర్లో టీచరు నవ్వుతూ "భోజనాలయ్యాక మాత్రం కాస్త రౌడీగా తయారవుతుంది" అంది.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఒక్క మాట వచ్చు. కారెక్కేదాకా ఓపిక పట్టి, "ఏరా, ఏడేళ్ళ పిల్లని పట్టుకుని రౌడీ అంటుందా ఆవిడ? నువ్వు పళ్ళికిలిస్తూ కూర్చుంటావా?" అని నిలదీసింది. అల్లరి అని అర్థమమ్మా అంటే నమ్మలేదు. "మీ మావయ్యని కూడా మొదట అల్లరివాడనే అన్నారు" అంది. ఇక నేను నోరెత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నిఘంటువులు తిరగేశాను. ఇంగ్లీషులో ఈ మాట 1808 ప్రాంతంలో అమెరికాలో కనిపిస్తుంది. అడవుల అంచున, చట్టం చేయి అందని చోట బతికే మొరటు మనిషిని అలా అనేవారట. గోల, గొడవ అనే అర్థమున్న 'రౌ' నుంచి పుట్టి ఉండొచ్చని పండితుల ఊహ. పదేళ్ళు తిరిగేసరికి అది విశేషణం కూడా అయింది. ఇప్పుడు ఇంగ్లీషు దేశాల్లో ఎక్కువగా వినిపించేది ఆ విశేషణమే. రగ్బీ చూసే గుంపు, పుట్టినరోజు పార్టీ, పావు తక్కువ మూడింటి తరగతి గది, ఇవన్నీ రౌడీలే. సాయంత్రానికి సద్దుమణిగే గుణం అది.

మన దగ్గర మాత్రం నామవాచకంగానే స్థిరపడింది. మనిషికి అంటుకుంది. మన పోలీసు స్టేషన్లలో దాని పేర ఒక కాగితమే ఉంది, రౌడీషీటు. న్యాయస్థానం నేరం రుజువు చేసి ఇచ్చే శిక్ష కాదది. ఫలానావాడి మీద కన్నేసి ఉంచాలని పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం తెరిచే పుస్తకం. మావయ్య పేరు అందులోకి ఎనభైల్లో కాలేజీ ఎన్నికల కొట్లాటలో ఎక్కింది. కేసు కొట్టేశారు. షీటు ఉండిపోయింది. వినాయక చవితి వచ్చినా, ఎన్నికలొచ్చినా స్టేషన్‌కి కబురు. పొద్దుటినుంచి సాయంత్రందాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేవారు. మా మరదలికి వచ్చిన మొదటి రెండు సంబంధాలూ ఆ ఒక్క మాటతో వెనక్కి పోయాయి.

ఇలాంటి నిఘా మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఖరక్ సింగ్ అనే ఆయన ఉత్తరప్రదేశ్ పోలీసుల మీద వేసిన కేసులో, రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం చెల్లదని 1962లో తీర్పొచ్చింది. కానీ గోప్యత హక్కు అనేదేదీ రాజ్యాంగంలో లేదని అదే తీర్పులో అన్నారు. ఆ మాట తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది. అంటే 55 ఏళ్ళు.

ఇంతలో మన సినిమావాళ్ళు ఈ మాటకి పూలదండ వేశారు. 1970లోనే 'రౌడీ రాణి' వచ్చింది. 1991లో 'అసెంబ్లీ రౌడీ', 'రౌడీ అల్లుడు', మరుసటేడు 'రౌడీ ఇన్‌స్పెక్టర్'. అన్నింట్లోనూ రౌడీ అంటే హీరోనే. 2018లో విజయ్ దేవరకొండ అదే పేరుతో బట్టల బ్రాండు పెట్టాడు. అభిమానులు తమని తాము రౌడీలని చెప్పుకుంటారు. 2006లో మహేశ్‌బాబు పుణ్యమా అని 'పోకిరి'కి కూడా ఇదే భాగ్యం దక్కింది. ఆ చొక్కా మావయ్య మనవడికీ ఒకటుంది. ఆయన దానివంక చూసి ఏమీ అనడు.

నేను ఆఫీసుకెళ్ళే కామెరాన్ రోడ్డు గేట్ పా పక్కనుంచి పోతుంది. 1864 ఏప్రిల్ 29న అక్కడ దాదాపు 230 మంది మావోరీలు 1,700 మంది బ్రిటిష్ సైన్యాన్ని నిలవరించారు. ఓడిపోయిన జనరల్ పేరే ఆ రోడ్డుకి. రెండు నెలలు తిరక్కుండా తె రంగాలో మావోరీలు ఓడిపోయారు. మరుసటేడు 'తిరుగుబాటు చేసిన తెగలు' అన్న ముద్ర వేసి, 1863 నాటి చట్టం కింద 2,90,000 ఎకరాలు జప్తు చేశారు. అందులో 50,000 ఎకరాలు ప్రభుత్వం తనకే ఉంచుకుంది. తమ ఊళ్ళో, తమ నేలమీద నిలబడ్డవాళ్ళకి ఆ పేరు! జప్తు ఒప్పందానికి విరుద్ధమని వైతంగి ట్రైబ్యునల్ నివేదిక ఇచ్చింది 2004లో. ఇప్పుడు ఇంగ్లీషులో రెబెల్ అంటే తోలుజాకెట్టు కుర్రాడు. మనకైతే రెబెల్ స్టార్ కూడా ఉన్నాడు. నోట్లో మాట పదేళ్ళలో మారిపోతుంది. రికార్డులో రాసిన మాట అలా మారదు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని కొట్టేయాలి.

మర్నాడు అమ్మకి ఇదంతా నాకొచ్చినట్టు చెప్పాను. మావోరీల భూమి సంగతి శ్రద్ధగా వింది. తర్వాత మావయ్యకి ఫోను కలపమంది. ఆయనకిప్పుడు అరవై దాటాయి. పిలవడం మానేశారు గానీ షీటు మూసేశామని ఎవరూ చెప్పలేదట. టీచరు మాట చెబితే చాలాసేపు నవ్వాడు. "ఆ బళ్ళో చదివుంటే నేనూ భోజనాలయ్యాకే రౌడీని అయ్యేవాణ్ణిరా" అన్నాడు.

అమ్మ నవ్వలేదు. ఫోను పెట్టేశాక, "ఆ టీచరమ్మ అదంతా కాగితం మీద రాయలేదు కదా?" అని అడిగింది.

రిపోర్టు తీసి చూశాను. రాయలేదు.