పాట వెనుక గిటారు: రికార్డింగు వాద్యకారుల చరిత్ర

మీకు ఇష్టమైన సినిమా పాట ఒకటి గుర్తు చేసుకోండి. పాడినవారి పేరు వెంటనే చెబుతారు. రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు కూడా మీలో చాలామందికి తెలుసు. మరి అందులో గిటారు వాయించినది ఎవరు? జవాబు తట్టకపోతే అది మీ తెలివితక్కువతనం కాదు. చాలా పాటల విషయంలో ఆ పేరు ఎక్కడా అచ్చు కాలేదు.

ఎవరి దగ్గరా నెలజీతానికి కుదరకుండా, పిలిచిన చోటికి వెళ్లి, రికార్డింగు లెక్కన డబ్బు తీసుకుని వాయించేవారిని సెషన్ వాద్యకారులు అంటారు. వీరి చరిత్రను రికార్డింగు యంత్రాల చరిత్ర నుంచి విడదీసి చూడలేం. యంత్రం మారినప్పుడల్లా వాద్యకారుడు అమ్ముకునే సరుకు మారింది. ఆ మార్పు ఎలా జరిగిందో, ఏది మాత్రం మారకుండా మిగిలిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

బాకా నుంచి విద్యుత్తు దాకా

1902లో ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. అప్పట్లో మైకు లేదు. గాయని ఒక పెద్ద బాకాలోకి పాడితే, ఆ ధ్వని ఒత్తిడికి సూది కదిలి మైనపు పలక మీద గీత గీసేది. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పడం ఆ రికార్డుల్లో వినిపిస్తుంది. ఎందుకంటే రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివారికి ఏ పలక ఎవరిదో తెలియాలి. పేరు నమోదు కావడం వెనుక గౌరవం కన్నా ముందు కార్ఖానా అవసరం ఉందని గమనించండి. పక్కన వాయించినవారి పేర్లతో ఆ కార్ఖానాకు పని పడలేదు.

బాకాకు గట్టి గొంతులు, గట్టి వాద్యాలు కావాలి. గిటారు మెత్తని వాద్యం. 1925లో విద్యుత్ మైకుతో రికార్డింగు మొదలయ్యాక దానికి కొంత చోటు దొరికింది. 1932లో అమెరికాలో రికెన్‌బ్యాకర్ కంపెనీ విద్యుత్ గిటారును అమ్మకానికి తెచ్చింది. ఇందులోని సూత్రం మీరు భౌతికశాస్త్రంలో చదివినదే. అయస్కాంతం చుట్టూ తీగచుట్ట ఉంటుంది. దాని పైన ఉక్కుతీగ కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే వందేళ్ల తరువాత గిటారుకు గొంతు పెంచింది.

మన దేశంలో మొదట ఆదరణ పొందినది హవాయి పద్ధతి. ఇందులో గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కుకడ్డీని జరుపుతూ వాయిస్తారు. స్వరం నుంచి స్వరానికి జారడం వీలవుతుంది కాబట్టి గమకానికి అలవాటుపడిన మన చెవికి అది పరాయిదిగా తోచలేదు. హవాయి సంగీత కుటుంబానికి చెందిన టౌ మో 1940లలో కలకత్తాలో నివసించి దీనికి ప్రాచుర్యం తెచ్చాడు. తరువాత బొంబాయి సినిమా పాటల్లో హజారా సింగ్, వాన్ షిప్లీ విద్యుత్ గిటారు వినిపించారు.

ఒకే గదిలో అందరూ

1931లో ‘ఆలం ఆరా’తో మన సినిమాకు మాట వచ్చింది. 1935లో న్యూ థియేటర్స్ వారి ‘ధూప్ ఛావ్’తో హిందీలో నేపథ్యగానం మొదలైంది. అప్పటి నుంచి పాట చిత్రీకరణ స్థలాన్ని వదిలి రికార్డింగు గదికి చేరింది. వాద్యబృందాలు పెరిగి, పెద్ద పాటలకు వంద మంది దాకా చేరేవారు.

అంతమంది కలిసి వాయించాలంటే కాగితం మీది స్వరలిపి చదవడం రావాలి. గోవా చర్చి బడుల్లో పిల్లలకు పాశ్చాత్య స్వరలిపి నేర్పేవారు. అందుకే బొంబాయి సినిమా వాద్యబృందాల్లో గోవావారు ఎక్కువగా కనిపిస్తారు. సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గొన్సాల్వెస్ వంటివారు వాద్యాల అమరికను తీర్చిదిద్దారు. గొన్సాల్వెస్ దగ్గర వయొలిన్ నేర్చుకున్న ప్యారేలాల్ తరువాత సంగీత దర్శకుడయ్యాడు. 1977 నాటి ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లో కథానాయకుడు పాడే పాటలో తన గురువు పేరు మోగేలా చూశాడు. దేశమంతా ఆ పేరు పాడింది. అది ఒక నిజమైన వాద్యకారుడి పేరని తెలిసినవారు మాత్రం కొద్దిమందే.

ఆ గదిలో పని ఎంత కష్టమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 10 మీటర్ల దూరంలో ఉన్న డ్రమ్ము దెబ్బ గిటారు వాద్యకారుడికి సెకనులో 34వ వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. చెవిని నమ్మి వాయిస్తే అతని వాద్యం అంత వెనకబడుతుంది. అందుకే కళ్లు కండక్టర్ చేతి మీద ఉండాలి. గాయకుడు, వాద్యకారులు అందరూ ఒకేసారి రికార్డు కావాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటి నుంచే.

ఆ రోజుల్లో వాద్యకారుడు అమ్మినది తన సమయాన్ని. కాల్‌షీటుకు ఇంత అని డబ్బు. అందరూ ఒకేచోట కలిసేవారు కాబట్టి సంఘం కట్టడం సాధ్యమైంది. మద్రాసులో సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ సినీ వాద్యకారుల సంఘం ఏర్పడడానికి ముందు నిలిచాడు.

ఆ గదే బడిగా కూడా పనిచేసింది. ఇళయరాజా 1970లలో సలీల్ చౌదరి వంటివారి దగ్గర సెషన్ గిటారిస్టుగా వాయించి, 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడయ్యాడు. గాయకుడిగా మనకు తెలిసిన భూపిందర్ సింగ్ 1971 నాటి ‘హరే రామ హరే కృష్ణ’ పాటల్లో గిటారు వాయించాడు. పాడినందుకు వచ్చినంత పేరు ఆ గిటారుకు రాలేదు.

గది చీలిపోయింది

1957లో ఆంపెక్స్ కంపెనీ అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్‌కు 8 ట్రాకుల టేపు యంత్రాన్ని అందించింది. ఒకే టేపు మీద ఎనిమిది వరుసలు. ఒక వరుసలో డ్రమ్ము, ఇంకొకదానిలో గిటారు, వేరొకదానిలో గొంతు, వేర్వేరు రోజుల్లో నింపుకోవచ్చు. ఈ పద్ధతి మన స్టూడియోల్లో స్థిరపడ్డాక గిటారిస్టు ఒంటరిగా వచ్చి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, తన భాగం వాయించి వెళ్లసాగాడు. ఎవరి పాటకు వాయించాడో, ఎవరు పాడబోతున్నారో అతనికే తెలియని సందర్భాలు వచ్చాయి.

1983లో మిడి అనే ప్రమాణం వచ్చి కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోసాగాయి. రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గరా కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రహమాన్ 1989లో చెన్నైలోని తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ వచ్చింది. కీబోర్డు ఒక్కటే పది వయొలిన్ల పని చేయగలిగినప్పుడు ఆ పదిమందిలో చాలామందికి పిలుపులు తగ్గాయి. మంచి గిటారిస్టుకు గిరాకీ నిలిచింది. తీగను లాగడం, నొక్కడం, అరచేత్తో ఆపడం వంటివి కీబోర్డు మీటలకు అంత సులభంగా లొంగలేదు.

ఇల్లే స్టూడియో

ఇప్పుడు ఇంకో లెక్క. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 3 బైట్ల చొప్పున రికార్డు చేస్తే నాలుగు నిమిషాల గిటారు ట్రాకు సుమారు 35 మెగాబైట్లు అవుతుంది. ఇంటర్నెట్‌లో ఇది నిమిషాల్లో చేరిపోతుంది. కర్నూలులో వాయించినది చెన్నైలో కలుస్తుంది, హైదరాబాదులో వాయించినది న్యూజెర్సీలో కలుస్తుంది.

దీనితో గిటారిస్టు పని స్వరూపమే మారింది. మైకు ఎక్కడ పెట్టాలో చూడడం, తప్పులు దిద్దడం, ట్రాకులు కలపడం, చివరికి పాటను విడుదల చేయడం అన్నీ తానే నేర్చుకుని నిర్మాతగా మారుతున్నాడు. సినిమాతో ముడిపడని స్వతంత్ర సంగీతానికి మన దగ్గర ముందే బాట పడి ఉంది. 1975లో కలకత్తాలో ‘మోహినేర్ ఘొరాగులి’, 1990లో ఢిల్లీలో ‘ఇండియన్ ఓషన్’ బృందాలు ఏర్పడ్డాయి. వారికి స్టూడియో ఖర్చు పెద్ద అడ్డంకి. నేటి యువతకు ఆ అడ్డంకి చాలావరకు తగ్గింది.

అయితే పోగొట్టుకున్నదీ ఉంది. ఇంట్లో పనిచేసేవాడికి కాల్‌షీటు లేదు. “ఇంకొక్కసారి వాయించి పంపు” అంటే ఆ గంటలను లెక్కకట్టేవారు లేరు. పక్క కుర్చీలో తోటి వాద్యకారుడు లేడు కాబట్టి కొత్తగా వచ్చినవాడికి న్యాయమైన ధర ఎంతో తెలియదు. తాతల కాలంలో సమయం అమ్మేవారు, తండ్రుల కాలంలో ట్రాకు అమ్మారు, ఇప్పుడు పూర్తయిన ఫైలు అమ్ముతున్నారు. ఫైలు చేయి దాటాక అందులో ఎవరి వేళ్లు ఉన్నాయో చెప్పే సాక్షి ఉండడు.

పేరు ఎందుకు ముఖ్యం?

1942 ఆగస్టు 1న అమెరికా వాద్యకారుల సంఘం రికార్డు కంపెనీలకు వాయించడం ఆపేసింది. వాయించినవాడికి ఒక్కసారే డబ్బు వస్తుంది, ఆ రికార్డు మాత్రం ఏళ్ల తరబడి మోగి అతని ప్రత్యక్ష కచేరీకే పోటీ అవుతుందన్నది వారి వాదన. 1944 నాటికి పెద్ద కంపెనీలన్నీ అమ్మకాలపై సంఘం నిధికి కొంత చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

మన 1957 కాపీరైట్ చట్టంలో మొదట వాద్యకారుడి హక్కు లేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ రాయల్టీ హక్కును, తన పేరు చెప్పమని కోరే హక్కును చేర్చింది. కానీ ఒక మెలిక ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదిగానో నామమాత్రమైనదిగానో ఉండి, పేరు కూడా టైటిళ్లలో లేకపోతే, ఆ చట్టం దృష్టిలో దాదాపుగా ఆయన ప్రదర్శకుడే కాడు. మిగిలేది తన ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు మాత్రమే. అంటే టైటిల్ కార్డు మీది ఒక్క పంక్తి ఒక్కోసారి హక్కుకు ఆధారమవుతుంది.

పేరు వేయడం కష్టమైన పనేమీ కాదు. 2008లో పాకిస్తాన్‌లో మొదలైన కోక్ స్టూడియో కార్యక్రమం గిటారు, డ్రమ్ము వాయించేవారిని తెర మీద చూపి, పేర్లతో పరిచయం చేసింది. శ్రోతలు వారిని గాయకులతో పాటే గుర్తుపెట్టుకున్నారు. నేడు ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల, అంకెల అంతర్జాతీయ సంకేతం ఇవ్వవచ్చు. దానితో పాటు వాయించినవారి వివరాలూ పొందుపరచవచ్చు. 1902లో కార్ఖానా కోసం పేరు చెప్పినట్లే, ఇప్పుడు కంప్యూటర్ కోసం పేరు రాయాలి. రాయకపోతే రాయల్టీ ఎవరికి చేరాలో దానికి తెలియదు.

మీరు చేయదగిన పని

మీకు నచ్చిన పాటలు ఐదు తీసుకోండి. ఒక్కో పాటలో గిటారు ఎవరు వాయించారో పాత రికార్డు అట్టల మీద, టైటిళ్లలో, పత్రికల ఇంటర్వ్యూలలో వెతకండి. దొరికిన పేరును, అది దొరికిన చోటును నోటు పుస్తకంలో రాసుకోండి. మీ స్నేహితుల్లో ఎవరైనా ఇంట్లో పాటలు రికార్డు చేస్తుంటే, ఫైలు పంపే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టమని చెప్పండి: ఎవరు ఏమి వాయించారు, ఎంతకు ఒప్పుకున్నారు, పేరు ఎక్కడ వేస్తారు.