ఉంగరం ఒకరిది, అచ్చు మరొకరిది

కాపీ ఉంగరాన్ని పట్టుకోవడానికి చేయి తిరిగిన కంసాలికి భూతద్దం చాలు. కాపీ తీసే తీరే దాన్ని పట్టిస్తుంది. అసలు ఉంగరాన్ని రబ్బరు పలకల మధ్య పెట్టి వేడి మీద నొక్కుతారు. చల్లారాక రబ్బరును కత్తితో చీల్చి ఉంగరం బయటికి తీస్తే, దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అందులోకి మైనం ఎక్కిస్తారు. ఆ మైనపు ఉంగరం చుట్టూ ప్లాస్టర్ పోసి, మైనాన్ని కరిగించి పంపేసి, ఆ చోట బంగారం పోస్తారు. రబ్బరు, మైనం, బంగారం తలా కాస్త కుంచించుకుపోతాయి గనక పిల్ల ఉంగరం తల్లి ఉంగరం కంటే ఓ పిసరు చిన్నది. నగిషీ అంచులు మొద్దుబారి ఉంటాయి. తమాషా ఏమిటంటే, ఏమరుపాటున వదిలేస్తే లోపలివైపు ఉన్న అసలు పనివాడి ముద్ర కూడా సగం అలుక్కుపోయి దిగుతుంది. దొంగ తన వేలిముద్ర బదులు ఇంటాయన వేలిముద్ర వదిలి వెళ్లినట్టు!

నాలుగైదు వందల ఏళ్ల కిందట నమూనా చూసి చేయడం దొంగతనమని ఎవరూ అనుకోలేదు. 16వ శతాబ్దపు న్యూరెంబర్గ్‌లో విర్గిల్ సోలిస్ లాంటి వాళ్లు నగల నమూనాలను రాగి రేకుల మీద చెక్కి, కాగితం మీద అచ్చు వేసి అమ్మారు. కొన్నవాడు చూసి చేసుకోవడానికే అవి. పారిస్‌లో జిల్ లెగారే 1663లో ఏకంగా నమూనాల పుస్తకమే తెచ్చాడు. మన దగ్గరా అంతే. వంకీ ఉంగరాన్ని మొదట వంచింది ఎవరో ఎవరికీ తెలియదు, అది నాదని ఏ ఇంటి కంసాలీ అనలేదు. ఆ రోజుల్లో నేరమంటే బంగారంలో కల్తీ చేయడమే. ఇంగ్లండ్ 1300లోనే చిరుతపులి తల ముద్రను చట్టంలో పెట్టింది లోహం నాణ్యత కోసం, నమూనా కోసం కాదు.

పేరు సంగతి మాత్రం వేరు. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ కంసాలి కొడుకు, తానూ ఆ పని నేర్చినవాడు. అతని చెక్కుడు బొమ్మలను ఇటలీ చెక్కుడు పనివాడు మార్కాంటోనియో రైమొండీ కాపీ కొట్టి, సంతకపు గుర్తుతో సహా దించాడు. డ్యూరర్ వెనిస్ పాలకులకు మొర పెట్టుకుంటే దక్కిన తీర్పును కళాకారుల జీవితకథలు రాసిన వసారి చెప్పాడు: ఆ గుర్తు మాత్రం వాడొద్దు. బొమ్మలు దించుకోవడం గురించి మాట లేదు. ఆ తీర్పు నీడ ఇప్పటికీ పోలేదు.

యంత్రాలు వచ్చాక మాట మారింది. బ్రిటన్ 1842లో అలంకార నమూనాల నమోదు చట్టం చేసి, లోహపు వస్తువులకు మూడేళ్ల రక్షణ ఇచ్చింది. మూడంటే మూడే ఏళ్లు. అదే కాలంలో రోమ్‌లో కాస్టెల్లానీ కుటుంబం తవ్వకాల్లో దొరికిన ఎట్రుస్కన్ నగలను చూసి, ఆవగింజలో పదోవంతు లేని బంగారు రవలు అతికే పని మళ్లీ పట్టుకోవడానికి ఏళ్లు తంటాలు పడింది. చేసింది కాపీయే. కానీ చాటుగా కాదు. వెనక తమ జంట ‘సి’ గుర్తు కొట్టి మరీ అమ్మింది.

ఆ గుర్తు లేకపోతే ఏమవుతుందో లూవ్ర్ మ్యూజియానికి తెలిసొచ్చింది. 1896లో అది ఒక బంగారు కిరీటాన్ని 2 లక్షల ఫ్రాంకులు పోసి కొన్నది. ఓల్బియా నగరవాసులు సైటాఫెర్నెస్ రాజుకు కానుకగా ఇచ్చారని దాని మీద గ్రీకు రాత. జర్మన్ పండితుడు ఫుర్ట్‌వెంగ్లర్ అనుమానం అన్నాడు, పారిస్ పట్టించుకోలేదు. 1903లో ఒడెస్సా నుంచి ఇస్రాయెల్ రూఖొమోవ్‌స్కీ అనే కంసాలి వచ్చి, అది నా చేతి పని అన్నాడు. విచారణాధికారి ఎదుట కూర్చుని కిరీటంలో ఒక భాగం మళ్లీ చేసి చూపించాడు. వ్యాపారులు పుస్తకాల బొమ్మలు తెచ్చిచ్చి, ఒక పండితుడికి కానుక అని చెప్పి చేయించుకున్నారట. మ్యూజియం కిరీటాన్ని లోపల దాచేసింది. నాకు ఆ కంసాలిలో తప్పు కనిపించదు. అబద్ధం ఆడింది చేసిన చెయ్యి కాదు, అమ్మిన నోరు.

ఇక ఉంగరానికి వద్దాం. 1886లో టిఫనీ సంస్థ ఆరు సన్నని గోళ్లతో వజ్రాన్ని పైకెత్తి పట్టే ఉంగరం తెచ్చింది. రాయి కిందికి వెలుగు చొరబడేలా చేసిన ఉపాయం అది. నూరేళ్లలో ప్రపంచమంతా దించుకుంది, చివరికి ఆ అమరికకే టిఫనీ అన్న పేరు స్థిరపడింది. కాస్ట్‌కో తన దుకాణాల్లో ఉంగరాల పక్కన ఆ మాట రాసి పెడితే 2013 ప్రేమికుల రోజున టిఫనీ దావా వేసింది. 2017లో దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టమన్న తీర్పును 2020లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2021లో ఇద్దరూ రాజీ పడ్డారు. ఇంత రభసలోనూ గొడవంతా పేరు మీదే, ఆరు గోళ్ల మీద కాదు. డ్యూరర్ నాటి వెనిస్ మాటే మళ్లీ.

రబ్బరు అచ్చు కథ ఇంకా వింత. నగల పోతకు పనికొచ్చే ఆ పద్ధతికి జుంగర్‌సెన్ అనే ఆయన పేటెంట్ తీసుకుంటే, 1949లో అమెరికా సుప్రీంకోర్టు చెల్లదంది. మైనం కరిగించి లోహం పోసే విద్య 16వ శతాబ్దపు కంసాలి చెల్లినీ రాతల్లోనే ఉందని ఎత్తిచూపింది. కాపీలకు దారి వేసిన పద్ధతే ఎవరి సొత్తూ కాకుండా పోయింది!

రూపు ఒకరి సొత్తంటే నాకు మనసొప్పదు. కానీ జర్మనీ నీసింగ్ సంస్థ 1979లో తెచ్చిన స్పాన్‌రింగ్ అనే ఉంగరం దగ్గర తడబడతాను. గోళ్లు లేవు, గిన్నె లేదు. తెగిన వలయం రెండు కొసల మధ్య వజ్రం లోహపు బిగువు మీదే నిలుస్తుంది. జర్మన్ కోర్టు దాన్ని కళాకృతిగా ఒప్పుకుంది.

మన చట్టంలో మరో మెలిక ఉంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే పదిహేను. కానీ అద్దాల బీరువాలో పెట్టకముందే నమోదు చేయాలి. చేయకపోతే కాపీరైట్ ఆసరా ఉంటుందిగా అనుకుంటే, యజమాని అనుమతితోనే యంత్రం మీద యాభైకి మించి తయారైన నమూనాకు ఆ ఆసరా కూడా పోతుంది. అమ్ముడుపోయిన డిజైనే అనాథ అన్నమాట.

మొన్న పెళ్లి సీజన్‌లో ఒక కంసాలి దగ్గర కూర్చున్నాను. ఓ జంట ఫోన్‌లో ఉంగరం ఫొటో చూపించి, “అచ్చం ఇలాగే కావాలండీ” అన్నారు. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, “ఫొటో చూసి చేయాలంటే మూడు వారాలమ్మా. ఉంగరమే తెచ్చిస్తే నాలుగు రోజులు” అన్నాడు. అమ్మాయి అబ్బాయి వైపు చూసింది. అబ్బాయి జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. “మా వదినది. రేపు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి.”