చెన్నపట్నానికి పుట్టిల్లు

సెలవలు వచ్చాయంటే చాలు, నెల్లూరి ఇళ్ళల్లో పిల్లలది ఒకటే పాట - “మద్రాసు పోదాం!” ఆ ఊరి పేరు 1996లో చెన్నై అయిందిగానీ, మన నాలుకలకి అది ఇంకా మద్రాసే. మా అత్తగారికైతే చెన్నపట్నమే. మూడు గంటలు రైల్లో కూర్చుంటే చాలు. మెరీనా బీచి, మ్యూజియం, సెయింట్ జార్జి కోట, చివరికి మన కోసం పాండీ బజారు! ఈ జాబితా మూడు తరాలుగా మారలేదు.

నాకూ మద్రాసంటే ఇష్టమే. కాదంటే పాండీ బజారు నన్ను క్షమించదు. కానీ ఆ కోట గోడల దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకొక మాట నోటి చివరిదాకా వస్తుంది. ఇంత మహాపట్నానికీ ఒక పుట్టిల్లుంది. అది సముద్రానికి అవతల లండనులో లేదు. మన గూడూరు దాటి, కోట దాటి, వాకాడు దాటి, సముద్రం ఒడ్డుదాకా వెళితే ఉంది. దాని పేరు దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు ఆర్మగాం.

“అక్కడ చూడ్డానికి ఏముంది వదినగారూ?” అని మా పక్కింటావిడ అడిగారు. మంచి ప్రశ్నే. చూడ్డానికి పెద్ద కోటలూ మేడలూ ఏమీ లేవు. పుట్టింట్లో ఏముందని వెళతాం మనం? ఆ నాలుగు గోడల కథ మనకి తెలుసు గనక వెళతాం. కథ తెలియకపోతే ఏ ఊరైనా ఇసకా, కొబ్బరి చెట్లూనూ.

అందుకని కథ చెప్తాను. కాస్త వెనకనుంచి మొదలుపెట్టాలి.

మన తీరానికి పరదేశపు ఓడలు కొత్తకాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాడుబడిన చిన్న గుడి ఆనవాళ్ళు తగిలాయి. తవ్వితే ఒక కుండ. కుండనిండా బంగారు నాణేలు! అవి మన రాజులవి కావు. రోము చక్రవర్తులు ట్రేజనువీ, హేడ్రియనువీ, ఫాస్టినా అనే రాణివీనూ. అంటే పదహారు పదిహేడు వందల ఏళ్ళనాటి సొమ్ము. పాపం ఆ రైతుకి ఆ మొహాలు ఎవరివో ఏం తెలుస్తుంది? పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఓ ముప్ఫై పైచిలుకు మాత్రం దక్కాయి. ఆనాటి మద్రాసు గవర్నరు అలెగ్జాండరు డేవిడ్సను ఈ సంగతి రాసిపెట్టాడు. కొన్ని నాణేలు కొత్తగా మెరుస్తున్నాయట. కొన్ని మాత్రం అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట, ఎవరో ఒంటిమీద పెట్టుకున్నట్టు.

చిల్లు ఎందుకు పడిందో డేవిడ్సనుకంటే మనకే ఎక్కువ తెలుసు. కాసులపేరు! రోము రాణి మొహాన్ని దారానికి గుచ్చి మెడలో వేసుకున్న ఆ నెల్లూరి ఇల్లాలు ఎవరో గానీ, చరిత్ర పుస్తకాల్లో పేరు లేకపోయినా నాకు మాత్రం ఆవిడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. రోమువాళ్ళు అంత బంగారం తెచ్చి మన దేశంనుంచి పట్టుకుపోయిందేమిటయ్యా అంటే మిరియాలూ, ముత్యాలూ, మన నూలు బట్టలూ.

ఆ బట్టలకోసమే పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ ఈ తీరానికి వచ్చారు. వాళ్ళకి అసలు కావలసినవి జావా వైపు దొరికే మిరియాలు, సుగంధ ద్రవ్యాలు. అక్కడివాళ్ళేమో వెండికంటే మన అద్దకపు బట్టలిస్తేనే సంతోషంగా మిరియాలు కొలిచేవారు. అంచేత మన నేతగాడి మగ్గం ఆడితేగాని లండనులో పులుసులోకి మిరియం లేదన్నమాట!

డచ్చివాళ్ళు ముందే వచ్చి, 1610లో పులికాట్‌లో పాగా వేశారు. 1613కల్లా గెల్‌డ్రియా అనే కోట కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. పులికాట్‌లో తలదూర్చబోతే డచ్చివాళ్ళు సాగనివ్వలేదు. దాంతో అక్కడికి ఉత్తరంగా ఒక పూట ఓడ ప్రయాణంలో ఉన్న దుగరాజపట్నానికి 1626లో చేరుకున్నారు. ఆర్ముగ మొదలియారు అనే స్థానికుడు వాళ్ళకి చోటు ఇప్పించాడనీ, ఆ కృతజ్ఞతతో ఆయన పేరే ఊరికి పెట్టుకున్నారనీ చెప్తారు. ఇంగ్లీషు నోట్లో పడి ఆర్ముగం కాస్తా ఆర్మగాం అయింది. మన ‘తిరువల్లిక్కేణి’ ట్రిప్లికేనయినట్టే!

రెండేళ్ళు తిరిగేసరికి, 1628లో, గోల్కొండ అధికారుల పోరు పడలేక మచిలీపట్నంలోని పెద్దలు కూడా ఇక్కడికే వచ్చారు. అప్పటి ఆర్మగాం కోట ఎంతనుకున్నారు? కొట్టు చుట్టూ పన్నెండు ఫిరంగులు, గుమస్తాలూ సిపాయిలూ కలిపి ఇరవైముగ్గురు మనుషులు. అంతే. మన ఇళ్ళల్లో ఓ నిశ్చితార్థానికి వచ్చే చుట్టాలు అంతకంటే ఎక్కువే ఉంటారు. కానీ కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు నిలబెట్టి కాపలా పెట్టుకున్న మొట్టమొదటి చోటు ఇదే. సామ్రాజ్యం అనే మర్రిచెట్టు విత్తనం ఈ ఇసకలోనే మొలకెత్తిందంటే అతిశయోక్తి కాదు.

మరి అది ఇక్కడే ఎందుకు పెరగలేదు? కారణం మనలాంటి ఇల్లాళ్ళకి బాగా అర్థమయ్యేదే - బట్టల బేరం కుదరలేదు. ఈ చుట్టుపక్కల వాళ్ళకి కావలసినంత సరుకు దొరకలేదు. దొరికింది ప్రియం. స్థానిక నాయకుడితోనూ పొసగలేదు. అప్పుడు ఆర్మగాం కొట్టుకి పెద్దగా ఉన్నవాడు ఫ్రాన్సిస్ డే. ఆయన దక్షిణంగా తీరంవెంట వెతుక్కుంటూ పోయి, శాంథోం పక్కన ఇసక మేటమీదున్న మద్రాసుపట్నమనే పల్లెని చూశాడు. అక్కడ బట్ట ఇతర చోట్లకంటే నూటికి ఇరవై వంతులు చవక అని తేలింది. ఇరవై వంతులు చవక అంటే ఎవరు కదలరు చెప్పండి! (శాంథోంలో ఆయనగారికి ఒక స్నేహితురాలుందనీ, ఆ ఊరి పక్కనే కోట కట్టాలన్న పట్టుదలకి అసలు కారణం అదేననీ ఒక పుకారు చరిత్ర పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. నిజమెంతో ఆ ఇసకకే తెలియాలి.)

1639 ఆగస్టు 22 తేదీన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆ చోటు వాడుకోవడానికి పత్రం రాసిచ్చాడు. దామెర్లవారు తెలుగువారు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరుమీదే చెన్నపట్నం వెలిసింది. ఇంగ్లీషువాళ్ళకి దుబాసీగా నిలబడ్డ బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. 1640 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ ఆర్మగాం కొట్టు మూటా ముల్లె సర్దుకుని మద్రాసులో దిగారు. ఏడాది తిరక్కుండానే మూడు నాలుగు వందల నేత కుటుంబాలు అక్కడ కాపరం పెట్టాయి. ఆర్మగాంలో ఫిరంగులు పోయాయి, జనం పోయారు. అలలు మాత్రం మిగిలాయి.

ఇదంతా విన్నాక మావారు, “అయితే మద్రాసు మనదే అన్నమాట!” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వెనక ఎంత కథుందో నెల్లూరివాళ్ళకి చెప్పనక్కరలేదు. మన జిల్లా మూలాలున్న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రంకోసం ఆ మద్రాసులోనే 58 రోజులు నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. 2008లో జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం. మద్రాసుకోసం అంత తపించినవాళ్ళం, దాని పుట్టిల్లు మన దగ్గరే ఉన్నదని మాత్రం మన పిల్లలకి చెప్పలేదు. కోటకోసం పోట్లాడాం, పల్లెని మరిచిపోయాం.

ఆ పల్లె అదృష్టం చూడండి. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నానికి పెద్ద రేవు ఇస్తామని కేంద్రం రాసిచ్చింది. 2018 చివరికల్లా మొదటి దశ పూర్తి కావాలన్నది మాట. పక్కనే కృష్ణపట్నం రేవుంది, మరోపక్క రాకెట్ల కేంద్రముంది, పక్షుల సరస్సుంది అని అభ్యంతరాలు లేచాయి. గడువు దాటింది, రేవు రాలేదు. మూడొందల డెబ్భై ఏళ్ళ తరవాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన లక్ష్మి మళ్ళీ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆలోచిస్తే ఈ తీరం తలరాతే అంత. ఉన్నదంతా మూటగట్టి ఎవరికో పంపించడం! బకింగ్‌హాం కాలవనే తీసుకోండి. 1877-78 కరువులో కూలిజనానికి పని కల్పించి, ముక్కలు ముక్కలుగా ఉన్న కాలవని కలిపారు. గవర్నరు పేరు దానికి పెట్టారు, తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పెదగంజాంనుంచి తమిళదేశందాకా సుమారు 420 కిలోమీటర్లు. ఈ కాలవమీదే మన ఉప్పూ, మన ధాన్యం, శ్రీహరికోట అడవుల కట్టెలూ పడవలెక్కి మద్రాసు చేరేవి. మద్రాసు పొయ్యి వెలిగింది మన కట్టెతో. 1965, 66 తుపానులు కాలవని బాగా దెబ్బతీశాయి. పడవలు పోయాయి. పాడుబడ్డదని విసుక్కున్న ఆ కాలవే 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఎగసివచ్చిన నీటిని చాలాచోట్ల తనలో ఇముడ్చుకుని ఊళ్ళకి అడ్డం నిలబడింది.

అన్నట్టు శ్రీహరికోట. ఒకప్పుడు కట్టెలు పంపిన దీవి ఇప్పుడు చంద్రుడిమీదకి నౌకల్ని పంపుతోంది. 1971 అక్టోబరు 9న అక్కడనుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. 1979లో ఎస్.ఎల్.వి. మొదటిసారి విఫలమైనా, 1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరిందీ ఇక్కడనుంచే. 2019నుంచి మామూలు జనం కూడా ముందుగా పేరు నమోదు చేసుకుని, గ్యాలరీలో కూర్చుని ప్రయోగం చూడొచ్చు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. అయితే ఆ కేంద్రంకోసం దీవిమీద తరతరాలుగా ఉన్న యానాది కుటుంబాలు చోటు ఖాళీ చేయవలసి వచ్చిందని కూడా చెప్పండి. రాకెట్టు ఎగిరినప్పుడు కొట్టే చప్పట్లలో కొన్ని వాళ్ళకీ చెందుతాయి.

వెళ్ళేటట్లయితే నవంబరునుంచి ఫిబ్రవరిలోపు వెళ్ళండి. మొదట మైపాడు. నెల్లూరికి పాతిక కిలోమీటర్లే, పిల్లలు అలల్లో కాళ్ళు తడుపుకోవచ్చు. తరవాత 2008లో మొదలైన కొత్త కృష్ణపట్నం రేవు దారి పట్టండి. ఓడలు దూరంనుంచైనా కనిపిస్తాయి. మర్నాడు దుగరాజపట్నం. అక్కడినుంచి దిగువకి సూళ్ళూరుపేట వైపు. 2022 జిల్లాల విభజనలో అది తిరుపతి జిల్లాలోకి పోయిందిగానీ, పక్షులకి ఆ సంగతి తెలియదు. నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలబడ్డ చెట్లమీద పెలికాన్లు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. 1976నుంచీ అది రక్షితకేంద్రమే. చట్టం రాకముందునుంచీ కాపాడింది మాత్రం ఊరివాళ్ళు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే చేలకి బలమని వాళ్ళకి తెలుసు. సూళ్ళూరుపేటనుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. మనవాళ్ళు ఆ సరస్సుని ప్రళయకావేరి అంటారు. రోడ్డుకి రెండువైపులా ఫ్లెమింగోలు, గులాబీరంగు వోణీలు ఆరేసినట్టు!

ఒక్క హెచ్చరిక. దుగరాజపట్నంలో మీకు కోట కనబడదు. టిక్కెట్టు అడిగేవాడుండడు, చూపించేవాడూ ఉండడు. దారి మాత్రం ఊరివాళ్ళని అడిగితే చెప్తారు. ఇసకలో నిలబడి పిల్లలకి ఆ పన్నెండు ఫిరంగులూ, ఆ ఇరవైముగ్గురు మనుషులూ, ఆ ఇరవై వంతుల చవక బేరం సంగతి మీరే చెప్పాలి. పుట్టింటి కథలు చెప్పడం మనకి ఒకరు నేర్పాలా?