ఆయిలు చుక్కను చదివిన చరిత్ర

ఇంజనులో తిరిగి తిరిగి నల్లబడ్డ ఆయిలు రెండు సంగతులు చెబుతుంది. లోపల ఏ లోహం ఎంత అరిగిందన్నది ఒకటి, బయటినుంచి ఏం వచ్చి కలిసిందన్నది రెండోది. దుమ్ము, నీరు, మసి, ఇంధనం ఈ రెండో కోవలోవి. వీటిలో మోసపుచ్చేది ఇంధనం. దుమ్ము చేతికి గరగరలాడుతుంది, నీరు కలిస్తే ఆయిలు పాలలా తెల్లబడుతుంది, డీజిలు మాత్రం చప్పుడు లేకుండా కలిసిపోయి ఆయిలును పలచన చేస్తుంది. టర్బో కార్లు వచ్చాక ఈ మాట పదిమంది నోటా వినబడుతున్నా, ఆయిలును చదివే విద్య కార్లతో పుట్టలేదు. చీరాల, బాపట్ల, తెనాలి ప్రాంతానికి అది పొలం గట్టు మీది ఆయిలింజనుతో వచ్చింది, రైలు పట్టాలమీద శాస్త్రంగా స్థిరపడింది.

ఈ ఊళ్ల మీదుగా బెజవాడ, మద్రాసులను కలిపిన రైలుదారి 1899లో పూర్తయింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి దానిమీద ఆవిరి ఇంజన్లే నడిచాయి. బిట్రగుంట వాటికి పేరుమోసిన షెడ్డు. ఆవిరి ఇంజను సిలిండరులో పోసిన నూనె ఆవిరితో పాటే బయటికి పోతుంది, ఇరుసు పెట్టెల్లో పోసింది కారిపోతుంది. ఒకే ఆయిలు నెలల తరబడి లోపల తిరుగుతూ ఇంజను కథను తనలో దాచుకునే ఏర్పాటు అందులో లేదు. కాబట్టి అప్పట్లో చదవడానికి ఆయిలే మిగిలేది కాదు.

ఆయిలింజనుతో ఆ ఏర్పాటు వచ్చింది. కొమ్మమూరు కాలువ ఆయకట్టు చివర ఉన్న కారంచేడు వైపు ఊళ్లలో కాలువనీరు అందని రోజుల్లో నీళ్లు తోడడానికి ఇంజనే దిక్కు. బియ్యం మిల్లుల్లో కూడా అదే. కిరసనాయిలుతో నడిచే ఇంజన్లలో ఇంధనం పూర్తిగా కాలక, సిలిండరు గోడ మీదుగా జారి, అడుగున ఆయిలు నిలిచే చాంబరులో దిగేది. ఇది ఒక్క ఊరి బాధ కాదు. ఆవిరి కావడానికి మొరాయించే బరువు పెట్రోలు కారణంగా 1920లలో అమెరికా కార్లు కూడా ఇదే జబ్బుతో తీసుకున్నాయి. అందుకే ఆనాటి తయారీదారులు తక్కువ మైళ్లకే ఆయిలు మార్చమనేవారు. చిత్రమేమిటంటే రెండో ప్రపంచయుద్ధంలో చలిదేశాల విమానాలకు ఆయిల్లో కావాలనే పెట్రోలు కలిపేవారు. గడ్డకట్టే చలిలో పలచటి ఆయిలుతో ఇంజను తేలిగ్గా తిరిగేది, వేడెక్కాక ఆ పెట్రోలు ఆవిరైపోయేది.

పల్లెలో పరికరాలు లేవు, వేళ్లూ ముక్కూ ఉన్నాయి. ఆయిలు మట్టం చూసే కడ్డీ తీసి, దాని కొసనున్న ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వేళ్లు మెల్లగా విడదీస్తే మంచి ఆయిలు తీగలా సాగుతుంది. ఇంధనం కలిసింది పుటుక్కున తెగుతుంది. అద్దుడు కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనిస్తే ఇంకా స్పష్టం. నడుమ మసి నల్లగా నిలుస్తుంది, దానిచుట్టూ ఆయిలు గోధుమరంగు వలయంగా పాకుతుంది. ఇంధనం ఉంటే అన్నిటికంటే వెలుపల, లేత పసుపు అంచు ఒకటి విడిగా తేలుతుంది. ఈ పరీక్ష ఎంత కలిసిందో లెక్కగా చెప్పదు గానీ, కలిసిందన్న సంగతిని మాత్రం పట్టిస్తుంది. పరీక్షశాలలు కూడా దీన్ని వదిలిపెట్టలేదు.

లెక్క కట్టే పద్ధతి రైల్వేల చేతిలో ఎదిగింది. అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే 1940లలో డీజిలు ఇంజన్ల పాత ఆయిలును వర్ణపటం ద్వారా పరీక్షించి, విప్పకుండానే లోపలి అరుగుదలను పసిగట్టింది. భారతదేశానికి 1962లో అమెరికా కంపెనీ ఆల్కో నమూనా డబ్ల్యూడీఎం-2 డీజిలు రైలింజన్లు వచ్చాయి. 1964 నుంచి అవి వారణాసిలోనే తయారయ్యాయి. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, పైన టర్బో. తెలుగునాట కాజీపేట, గుత్తి, విశాఖపట్నం వంటి డీజిలు షెడ్లు వీటిని పోషించాయి. తెలుగు నేలమీద టర్బో ఇంజను ఆయిలును క్రమం తప్పకుండా చదవడం నేర్పింది ఈ ఇంజన్లేనని చెప్పవచ్చు.

వర్ణపట పరీక్షలో ఆయిలును విద్యుత్ రవ్వల మధ్య మండిస్తారు. ప్రతి మూలకమూ తనదైన కాంతి వెలువరిస్తుంది, ఆ వెలుగును బట్టి పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులున్నాయో తెలుస్తుంది. ఇనుము లైనర్లవైపు వేలు చూపుతుంది. సీసం, తగరం బేరింగులవైపు, రాగి బుష్షులవైపు, అల్యూమినియం పిస్టన్లవైపు. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టరు దాటి దుమ్ము వస్తోందని అర్థం, సోడియం పెరిగితే చల్లబరిచే నీరు కారుతోందని అనుమానం. ఇంధనం మాత్రం ఈ వెలుగులో కనబడదు. దానికి చిక్కదనం కొలవాలి, మంటందుకునే వేడి చూడాలి. కొత్త ఆయిలు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ మంటందుకోదు. డీజిలు అందులో సగానికంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. అందుకే కాస్త కలిసినా ఆ అంకె గబుక్కున పడిపోతుంది. అప్పుడు నాజిళ్లు, ఇంధనం పంపులు వెతకడమే షెడ్డు పని. ఇంతకంటే విలువైనది రిజిస్టరు. ఒక్కో ఇంజనుకు పాత అంకెలన్నీ వరసగా ఉండేవి, కొత్త అంకెను వాటి పక్కన పెట్టి చూసేవారు. ఇనుము 30 అన్నది దానంతట అది వార్త కాదు. నిన్నటిదాకా 10 ఉన్నచోట 30 అయితే వార్త.

1980 ప్రాంతంలో చీరాల, తెనాలి దారికి కరెంటు తీగలు వచ్చాయి. ప్రధాన మార్గంలో డీజిళ్ల రాజ్యం తగ్గింది. ఆయిలు చదువు ఆ తరువాత రోడ్డెక్కింది, కానీ రిజిస్టరు దానితో రాలేదు. కారు యజమాని చేతికి వచ్చేది సాధారణంగా ఒక్క నివేదికే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిలు కార్ల పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు మామూలైంది. అది నిండినప్పుడు ఇంజను కాస్త ఎక్కువ డీజిలు చిమ్మి, వేడి పెంచి ఆ మసిని కాలుస్తుంది. చాలా ఇంజన్లలో ఆ అదనపు డీజిలు సిలిండరులోకే, ఆలస్యంగా పడుతుంది. కొంత గోడ మీదుగా కిందికి దిగుతుంది. కారంచేడు నుంచి చీరాలకు వెళ్లి ఆపేసే బండిలో మసి కాలడం సగంలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, ప్రతిసారీ కొంత డీజిలు చాంబరు చేరుతుంది. ఇలాంటి బండిలో కడ్డీ మీద ఆయిలు మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఆయిలు తాగని మంచి ఇంజనని సంబరపడే యజమాని నిజానికి జబ్బును చూస్తున్నాడు. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లలోనూ చల్లటి స్టార్టులు ఇదే పని చేస్తాయి. కాకపోతే పెట్రోలు ఒక గంట హైవే ప్రయాణంలో చాలావరకు ఆవిరైపోతుంది, డీజిలు అంత తేలిగ్గా వదలదు. కారు టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ ఆయిలు పొర మీదే తేలుతుంది కనుక పలచదనం దాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది.

నివేదికలో రెండు వలలున్నాయి. మసి ఆయిలును చిక్కబరుస్తుంది, ఇంధనం పలచబరుస్తుంది. రెండూ కలిస్తే చిక్కదనం అంకె సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. అలాగే ఇంధనం చేరి ఆయిలు మొత్తం పెరిగితే లోహాల వంతులు తక్కువగా తేలతాయి. అందుకే ఇంధన శాతాన్ని గ్యాస్ క్రోమటోగ్రఫీతో విడిగా కొలిచిన నివేదికే నమ్మదగ్గది. శాతం 2 దాటితే కన్నేసి ఉంచడం, 5కు చేరితే ఆయిలు మార్చి నాజిళ్లు చూడడం డీజిలు ఇంజన్లకు సాధారణంగా పాటించే కొలత. నమూనాను ఇంజను వేడిగా ఉండగా తీయాలి. మొదట కారిన ధారను, అడుగున మిగిలిన మడ్డిని వదిలి, నడుమ ధారనే శుభ్రమైన సీసాలో పట్టాలి. సీసా మీద తేదీతో పాటు మీటరు అంకె, ఆయిలు పోశాక నడిచిన కిలోమీటర్లు, మధ్యలో కలిపిన ఆయిలెంతో రాయాలి.