చెరిపినా మిగిలే బొగ్గుగీత: విలియం కెంట్రిడ్జ్ కళా ప్రస్థానం

బొమ్మ గీసినవాడే దాన్ని సినిమాగా తీసి, ఆ సినిమాను నాటకంలో తెరమీద వేసి, పైగా సంగీతాన్నీ కొయ్యబొమ్మలనీ కలిపితే మన అభ్యుదయ విమర్శకు అనుమానం కలుగుతుంది. వస్తువు పలచబడ్డప్పుడు శిల్పం హంగులు వెతుక్కుంటుందన్నది మనకు బాగా అలవాటైన వాదన. చాలామంది విషయంలో అది నిజం కూడా. పశ్చిమ దేశాల గ్యాలరీలలో బహుమాధ్యమ కళ పేరుతో అమ్ముడయ్యే సరుకు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అయితే దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ కృషిని ఈ ఒక్క కొలబద్దతో కొలిస్తే అన్యాయం జరుగుతుంది. ఒక సమాజం తన నేరాన్ని దాచుకున్న తీరును పట్టుకోవటానికి అతనికి ఏ ఒక్క మాధ్యమమూ చాలలేదు.

ముందు ఆ నగరం గురించి చెప్పుకోవాలి. జొహానెస్‌బర్గ్‌కు రేవు లేదు, చెప్పుకోదగ్గ నది లేదు. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది గనుక అక్కడ నగరం లేచింది. గనులకు చౌక కూలీలు కావాలి. 1913 భూచట్టం నల్లజాతి ప్రజలను దేశంలోని సుమారు 7 శాతం నేలకు పరిమితం చేసింది. బతుకుతెరువు లేక వాళ్లు గనులకు నడిచారు. నగరం చుట్టూ కనిపించే గుట్టలు ప్రకృతి ఇచ్చినవి కావు, భూగర్భం నుంచి కార్మికులు ఎత్తిపోయించిన మట్టి. అందులో మిగిలిన కాస్త బంగారాన్నీ పిండుకోవటానికి తర్వాతి కాలంలో ఆ దిబ్బలనే మళ్లీ తవ్వి కరిగించారు. నిన్నటి గుట్ట ఇవాళ లేదు. ఇలాంటి చోట ప్రకృతి దృశ్యాన్ని చూసినట్టుగా గీసినవాడు అబద్ధం గీసినట్టే.

కెంట్రిడ్జ్ ఈ నగరంలోనే 1955లో తెల్లజాతి న్యాయవాదుల కుటుంబంలో పుట్టాడు. తండ్రి సిడ్నీ కెంట్రిడ్జ్ మండేలా తదితరులపై నడిచిన రాజద్రోహ విచారణలో ముద్దాయిల పక్షాన వాదించాడు. 1977లో పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికో కుటుంబం తరఫున విచారణలో నిలబడినవాడూ అతనే. తల్లి ఫెలీషియా పేదల కేసులు వాదించే న్యాయ సహాయ కేంద్రాన్ని 1979లో నెలకొల్పిన వారిలో ముఖ్యురాలు. కెంట్రిడ్జ్ పలుచోట్ల చెప్పుకున్న ఒక సంగతి వుంది. ఆరేళ్ల వయసులో తండ్రి గదిలో పసుపుపచ్చ పెట్టె చూసి, చాక్లెట్లనుకుని మూత తీశాడు. లోపల ఫోటోలు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్చి చంపిన మనుషుల ఫోటోలు. ఆ రోజు పడిపోయింది 69 మంది. వారిలో చాలామందికి తూటాలు వెనకనుంచి తగిలాయి. ఇలాంటి జ్ఞాపకాలను కళాకారుడి పుట్టుమచ్చలుగా చూపించటం జీవితచరిత్రకారులకు వున్న జబ్బు. కాని ఇక్కడ గమనించవలసింది వేరే వుంది: ఆ పిల్లవాడు హత్యాకాండను చూసింది కాగితం మీద, సురక్షితమైన ఇంట్లో. ఆ దూరం అతని కళలో చివరిదాకా వుంది. అతని బలమూ బలహీనతా రెండూ అక్కడే వున్నాయి.

విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో అతను చదివింది రాజనీతి, ఆఫ్రికా అధ్యయనాలు. పట్టా పుచ్చుకున్నది 1976లో, అంటే సోవెటో విద్యార్థులు తిరగబడ్డ ఏడాది. ఆ రోజుల్లోనే తెల్లవారూ నల్లవారూ కలిసి పనిచేసిన జంక్షన్ అవెన్యూ నాటక బృందంలో చేరాడు. ఈ బృందం 1978లో వేసిన ఒక నాటకానికి మూలం కథ కాదు, చార్ల్స్ వాన్ ఆన్సెలెన్ అనే చరిత్రకారుడి వ్యాసం. కార్మికుడి చేతిలో డబ్బు నిలవకుండా, అతను వూరికి తిరిగిపోకుండా వుంచటానికి గని యజమానులకు సారా ఎలా పనికొచ్చిందో, తాగిన కూలీ పనికి రాలేకపోయేసరికి అదే యజమానులు మద్యనిషేధం ఎందుకు కోరారో ఆ వ్యాసం చెబుతుంది. పరిశోధనను రంగస్థలం మీదికి తేవటం మన ప్రజానాట్యమండలి వారసులకు వింత కాదు. కెంట్రిడ్జ్ కళకు చరిత్ర వాసన పట్టింది ఇక్కడే. 1981లో పారిస్ వెళ్లి లకోక్ బడిలో మూకాభినయం నేర్చుకున్నాడు. నటుడిగా తనకు భవిష్యత్తు లేదని తెలుసుకుని తిరిగొచ్చి, కొంతకాలం సినిమాల్లో కళావిభాగంలో పనిచేసి, మళ్లీ బొగ్గుముక్క పట్టాడు.

గురువులుగా అతను చెప్పుకునే వారిలో హోగార్త్, గోయా, బెక్‌మన్ వంటి యూరప్ వాళ్లున్నారు. కాని బొగ్గుతో పెద్ద బొమ్మ ఎంత బలంగా మాట్లాడగలదో అతను మొదట చూసింది డుమిలే ఫెనీ అనే నల్లజాతి చిత్రకారుడి దగ్గర. డుమిలే 1968లో దేశం విడిచి వెళ్లవలసివచ్చింది. స్వదేశం చేరకుండానే 1991లో న్యూయార్క్‌లో చనిపోయాడు. ఇద్దరి చేతిలోనూ వున్నది బొగ్గే. ఒకరికి ప్రపంచ మ్యూజియాల తలుపులు తెరుచుకోవటం, మరొకరు పరాయి దేశంలో పోవటం ప్రతిభా తారతమ్యం వల్ల జరిగిన విషయం కాదు.

కెంట్రిడ్జ్ పని పద్ధతి చాలా సాదాగా వుంటుంది. గోడకు ఒక పెద్ద కాగితం, కొన్ని అడుగుల దూరంలో కెమెరా. బొగ్గుతో గీస్తాడు. నడిచి వెళ్లి ఒకటి రెండు ఫ్రేములు తీస్తాడు. తిరిగొచ్చి కొంత చెరిపి కొంత కలుపుతాడు, మళ్లీ కెమెరా దగ్గరికి నడుస్తాడు. సెకనుకు 24 ఫ్రేములు కావలసిన సినిమా ఇలా నెలల తరబడి నడిస్తే కొన్ని నిమిషాలు తయారవుతుంది. మామూలు కార్టూన్ సినిమాకు వేల బొమ్మలు కావాలి, వాటిని గీసే జీతగాళ్లు కావాలి. ఇతనికి కొన్ని పదుల కాగితాలు చాలు. ముందుగా రాసుకున్న స్క్రిప్టు వుండదు. కాగితానికీ కెమెరాకీ మధ్య నడిచే నడకలోనే తర్వాతి గీత తోస్తుంది. ఎంత తుడిచినా బొగ్గు పూర్తిగా పోదు, బూడిదరంగు మరక మిగులుతుంది. మొదట్లో అతను దాన్ని లోపంగానే భావించాడు. తర్వాత ఆ మరకే తన వస్తువని గ్రహించాడు. మనిషి నడిచి వెళ్లిపోతాడు, అతను నిలబడ్డ ప్రతిచోటా నీడ వుండిపోతుంది. శవం నేలలో కలిసిపోతుంది, నేల మీద మచ్చ వుండిపోతుంది. వస్తు శిల్పాల ఐక్యత గురించి మనం రాసిన వ్యాసాలకు ఇంతకంటె సులువైన ఉదాహరణ దొరకదు.

ఈ పద్ధతిలో 1989 నుంచి 2020 దాకా అతను తీసినవి 11 చిన్న సినిమాలు. వీటిలో ప్రధానపాత్ర సోహో ఎక్‌స్టైన్, చారల సూటు వేసుకున్న గని యజమాని. అతనికి ఎదురుగా ఫీలిక్స్ అనే కలలు కనే దిగంబరుడు. 1991 నాటి 'గని' చూడండి. సోహో మంచం మీద కూర్చుని ఫలహారం చేస్తూ కాఫీపాత్రలో పొడిని కిందికి నొక్కే కడ్డీని నొక్కుతాడు. ఆ కడ్డీ పళ్లెంలోంచి, పరుపులోంచి దిగి భూమిని తొలుచుకుంటూ పోతుంది. కార్మికులు కిక్కిరిసి పడుకున్న అరలు, స్నానాల గదులు, బానిసల ఓడ నక్షా, రాతిలో ఇరుక్కున్న దేహాలు, అన్నిటినీ దాటిపోతుంది. అదనపు విలువ అంటే ఏమిటో ఇంత తక్కువ నిడివిలో చూపించిన కళాఖండాలు నాకు ఎక్కువ తెలియవు. 1987లో అక్కడ సుమారు 3 లక్షల గని కార్మికులు చేసిన సమ్మె అప్పటికి పాతబడలేదని గుర్తుంచుకుంటే ఆ కడ్డీ బరువు మరింత తెలుస్తుంది.

1994 ఏప్రిల్ ఎన్నికలతో వర్ణవివక్ష ప్రభుత్వం పోయింది. 1996లో సత్య నిర్ధారణ, సయోధ్య కమిషన్ విచారణలు మొదలుపెట్టింది. చేసిన నేరం పూర్తిగా ఒప్పుకుంటే క్షమాభిక్ష. ఈ కమిషన్‌కు నేరస్థులు, బాధితులు మాత్రమే కనిపించారనీ, ఆ వ్యవస్థ వల్ల లాభపడ్డవాళ్లు కనిపించకుండా పోయారనీ మహమూద్ మమ్దానీ చేసిన విమర్శ ప్రసిద్ధం. కెంట్రిడ్జ్ 1996లో తీసిన సినిమాలో ఆస్పత్రి మంచం మీద పడివున్నది సరిగ్గా ఆ లాభపడ్డవాడే. సోహో స్పృహలో లేడు. ఎక్స్‌రేలో, స్కానులో రోగం కోసం వెతికితే లోపల టెలిఫోన్లు, ఆఫీసు సామాను, దెబ్బలు తింటున్న మనుషులు కనిపిస్తారు. చివరికి లేచి మళ్లీ తన వ్యాపారం బల్ల దగ్గర కూర్చుంటాడు. సయోధ్య పాటలు పాడుకునే రోజుల్లో ఈ ముగింపు గీయటానికి ధైర్యం కావాలి.

మరుసటి ఏడాది జేన్ టేలర్ రాసిన 'ఊబూ, సత్య కమిషన్' నాటకానికి దర్శకత్వం వహించాడు. కమిషన్ ముందు తల్లులు చెప్పిన సాక్ష్యాలను హ్యాండ్‌స్ప్రింగ్ బృందం వారి కొయ్యబొమ్మలు చెబుతాయి. నిజమైన తల్లి శోకాన్ని నటి అభినయిస్తే మనం నటనను మెచ్చుకుని ఇంటికి పోతాం. కొయ్యబొమ్మ ఆ శోకం తనదని నటించదు. బొమ్మను ఆడించేవారు దాని పక్కనే మనకు కనబడుతూ నిలబడతారు, కమిషన్‌లో సాక్షి పక్కన ఓదార్చటానికి ఒకరు కూర్చున్నట్టే. అనువాదకుడు నిలబడేది ఊబూ తన ఒంటి మరకలు కడుక్కునే స్నానపు గదిలోనే. ఇక్కడ మాధ్యమాలు కలవటంలో అలంకారం కోసం చేసింది ఏదీ లేదు.

అయినా ఒక ప్రశ్న వదిలిపెట్టటానికి వీల్లేదు. ఈ 11 సినిమాల్లో యజమానికి పేరుంది, జబ్బుంది, పశ్చాత్తాపముంది. కార్మికులకు వున్నది గుంపు మాత్రమే. 1994 నాటి సినిమాలో నందీ అనే నల్లజాతి స్త్రీ సర్వే యంత్రంతో నేలను కొలుస్తుంది, శవాల జాడ నమోదు చేస్తుంది; పేరున్న ఆ ఒక్కామె కూడా తూటాకు పడిపోతుంది. తాను గని కార్మికుల తరఫున మాట్లాడుతున్నానని కెంట్రిడ్జ్ ఎన్నడూ నటించలేదు, సోహోకూ ఫీలిక్స్‌కూ తన ముఖాన్నే ఇచ్చుకున్నాడు. ఇది నిజాయితీయే. కాని నిజాయితీతోనే చూపు మారదు. సింగరేణి మీద కథలు రాసిన మన రచయితలలో గని పైన నిలబడి రాసినవారికీ లోపలికి దిగి రాసినవారికీ తేడా మనం పసిగట్టగలిగాం గదా, ఇక్కడా అదే కన్నుతో చూడాలి.

2012 ఆగస్టు 16న మారికానాలో సమ్మె చేస్తున్న 34 మంది ప్లాటినం గని కార్మికులను కాల్చి చంపింది వర్ణవివక్ష ప్రభుత్వం కాదు. 2020లో కెంట్రిడ్జ్ తీసిన 'సిటీ డీప్'లో మూతపడ్డ గనుల దగ్గర చట్టవిరుద్ధంగా బంగారం వెతుక్కునే 'జమా జమా'లు కనిపిస్తారు. సోహో జొహానెస్‌బర్గ్ కళాప్రదర్శనశాలలో వుంటాడు. ఆ శాల ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో గని యజమానుల డబ్బుతో ఏర్పడింది. లోపల సోహో గోడల మీది బొమ్మలు చూస్తుంటాడు, బయట వాళ్లు చేతి పనిముట్లతో మట్టి తవ్వుతుంటారు. 1991 సినిమాలో తవ్వినవాడికి పేరు లేదు. 2020లో తవ్వుతున్నవాడికీ లేదు.