మాంత్రికుడి బేరం

అమెరికావాళ్ళ ‘స్టార్ వార్స్’ చిత్రాల మాట వచ్చినప్పుడల్లా మన కుర్రవాళ్ళు ఒకటంటారు. వీరుణ్ణి చీకటి శక్తి ఆశపెట్టి తనవైపు లాక్కోవడం వాళ్ళ కథల్లోనే ఉందట. మన జానపదాల్లో వీరుడు మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా మంచివాడేనట. పెద్దవాళ్ళేమో అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయని తేల్చేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. మన దగ్గర ప్రలోభం ఉంది. దాని దారి మాత్రం వేరు.

1951 మార్చిలో వచ్చిన ‘పాతాళభైరవి’నే తీసుకోండి. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి.రెడ్డి దర్శకత్వం, విజయా వారి నిర్మాణం. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాజకుమార్తెను ప్రేమించాడు. నాతో సమానంగా సంపద తెచ్చుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు రాజు. సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు తగులుకున్నాడు. అతనికి కావలసింది పాతాళభైరవికి బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు. రాముడికి కావలసింది డబ్బు.

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అప్పుల కాగితాలు చూస్తున్నవాణ్ణి గనుక నాకు ఈ ఘట్టం మహా ఇష్టం. అప్పిచ్చేవాడు ఎవడైనా మూడు అడుగుతాడు: ఏం కావాలి, ఎంత కావాలి, హామీ ఏమిటి? మాంత్రికుడు మొదటి రెండే అడిగాడు. మూడోది రాముడి తల. దరఖాస్తుదారుకు ఆ సంగతి చెప్పలేదు, అంతే! ఎస్.వి.రంగారావు ఆ పాత్రను అంత మెత్తగా, అంత ఆప్యాయంగా ఎందుకు చేశాడో ఆలోచిస్తే తెలుస్తుంది. బెదిరించేవాడి వెంట ఎవరూ నడవరు. మన అవసరం మనకంటే బాగా ఎరిగినవాడి వెంటే నడుస్తాం.

శాపవశాన మొసలిగా ఉన్న అప్సరస వల్ల రాముడికి మోసం తెలిసింది. మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, దేవి ప్రతిమను తాను పుచ్చుకున్నాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మంత్రం, గుహ, బలి మాంత్రికుడివే, ఫలం రాముడిది. అతను ఆ శక్తిని పారవెయ్యలేదు. మేడ కట్టించుకుని పెళ్ళికి సిద్ధమయ్యాడు. చూసినవాళ్ళెవరికీ ఇది తప్పుగా తోచలేదు.

తోచకపోవడానికి కారణం చాలా పాతది. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన ‘కథాసరిత్సాగరం’లోని బేతాళ కథలకు ముగింపు గుర్తు చేసుకోండి. భిక్షువు రాజుచేత శవాన్ని మోయించింది చివరకు ఆ రాజునే బలి ఇవ్వడానికి. సాష్టాంగ నమస్కారం ఎలా చెయ్యాలో నువ్వే చూపించమని అడిగి, వంగిన భిక్షువు తల నరికాడు రాజు. భిక్షువు కోరుకున్నది విద్యాధర చక్రవర్తిత్వం, అంటే ఆకాశంలో తిరిగే జాతి మీద ఏలుబడి. అది రాజుకు దక్కుతుందని బేతాళుడే చెప్పాడు. ఇదీ మన అంతరిక్ష జానపదం! దుష్టుడు కోరిన ఆకాశరాజ్యం వీరుడికి సంక్రమిస్తుంది. శక్తికి రంగు లేదు, పట్టుకున్న చేతిని బట్టే మంచిచెడ్డలు అనేది ఆ కథ నమ్మకం.

అమెరికా కథ ఇలా నమ్మదు. 1980లో వచ్చిన చిత్రంలో డార్త్ వేడర్ తానే తండ్రినని ల్యూక్‌కు చెప్పి, నక్షత్రమండలాన్ని ఇద్దరం కలిసి ఏలుదామంటాడు. 1983 చిత్రంలో ల్యూక్ తండ్రిని ఓడించి, ఆఖరి దెబ్బ కొట్టకుండా కత్తి పారేస్తాడు. ఆ కత్తి చేతిలో ఉండగా మంచితనం నిలవదని వాళ్ళ లెక్క. 2005లో చూపిన వేడర్ పూర్వకథ ఇంకా దయగలది. భార్య చచ్చిపోతుందన్న భయంతో అతను చీకటికి అమ్ముడుపోయాడు.

తండ్రి పేరుతో రాజ్యం ఇస్తాననడం వింటే మనకు తోచేది ఉద్యోగపర్వం. తిక్కనగారి దగ్గర చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి ఒంటరిగా తీసుకువెళ్ళి, నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అన్నాడు. ఇక్కడ ఆశపెట్టినవాడు భగవంతుడు! అధర్మం పక్కనున్నవాణ్ణి ధర్మం పక్కకు పిలిచాడు. కర్ణుడు రానన్నాడు. పెంచినవాళ్ళ మమకారం ఒకటి, అంగరాజ్యం ఇచ్చిన దుర్యోధనుడి ఋణం ఒకటి. కర్ణుణ్ణి చీకటిలో నిలబెట్టినది కృతజ్ఞత. ద్వేషం గురించే మాట్లాడే సినిమాలకు ఈ చిక్కు అందదు.

కాడుగోడి, హోసకోటె ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడం అయినవాళ్ళలో ఎందరో ఇలాంటి కథలు చందమామలోనే చదివారు. తెలుగు చందమామ 1947లో మొదలైతే కన్నడ సంచిక 1949లో వచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, తన పేరు లేకుండానే ఏళ్ళ తరబడి మాంత్రికుల ధారావాహికలు రాశారు. ఆయన 2010లో పోయారు. రెండు భాషల పిల్లలూ నెలనెలా ఎదురుచూసిన ఆ రచయిత పేరు చాలామందికి ఆ తరవాతే తెలియడం నాకు కష్టంగానే ఉంటుంది.

1991 నాటి ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఉంది, కృష్ణదేవరాయలున్నాడు, వజ్రం ఉంది. ఆ వజ్రం మీద ఆశ దుష్టుడిదే. కథానాయకుడికి ఏ ప్రలోభమూ లేదు. అందుచేత మన విషయానికి అది అంతగా పనికిరాదు.

పనికొచ్చేది 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ దర్శకుడు నాగ్ అశ్విన్. ఎండిపోయిన కాశీ మీద కాంప్లెక్స్ అనే నగరం వేలాడుతూ ఉంటుంది. నీళ్ళు, చెట్లు, సుఖం అన్నీ అక్కడే. పైకి పోవడానికి పది లక్షల యూనిట్లు ఉండాలి. కథానాయకుడు భైరవ కూలికి మనుషుల్ని పట్టిచ్చేవాడు. కల్కిని కడుపున మోస్తున్న సుమతిని పట్టిస్తే పైకి దారి దొరుకుతుంది. ఆమెకు కాపలా అశ్వత్థామ. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసి శాపం తెచ్చుకున్నవాడే ఇప్పుడు ఒక గర్భాన్ని కాపాడాలి. ఆఖరున తేలేదేమంటే, భైరవ పూర్వజన్మలో కర్ణుడు.

తోటరాముడికీ భైరవకూ డెబ్భైమూడేళ్ళ దూరం. రాముణ్ణి మోసగాడు వెతుక్కుంటూ వచ్చాడు. భైరవ దగ్గరకు ఎవరూ రానక్కరలేదు. దరఖాస్తు పట్టుకుని అతనే తిరుగుతున్నాడు. ఎక్కడినుంచో బతుకుతెరువుకు వచ్చి, కాడుగోడి రైల్వే స్టేషన్ దగ్గర నిలబడి ఐ.టి. పార్కు అద్దాల మేడలవైపు చూసేవాడికి అతని ఆశ పరాయిదిగా తోచదు. పిల్లలు నవ్వుతూ చూసే ఆ పాత్ర నాకు నవ్వు తెప్పించకపోవడానికి కారణం అదే కావచ్చు.

అతను ఏ పక్క నిలుస్తాడన్నది రెండో భాగానికి వదిలిపెట్టారు. అప్పటిదాకా కాశీలో ఇంటి యజమానికి అద్దె బాకీ అలాగే ఉంది. కర్ణుడు ఒకరి ఋణం కోసం రాజ్యాన్నే వదులుకున్నవాడు గదా. ఈ చిన్న బాకీ సంగతి ఏం చేస్తాడో చూడాలని నాకుంది.